రత్నమ్మత్త ముక్కూ, కిరసనాయిలు కాయా

అది 2022 వేసవి. ఉన్న జిల్లాలను కోసి కొత్త జిల్లాలు చేసిన ఏడాది. మార్కాపురాన్ని జిల్లా చేస్తారని ఊరంతా ఎదురుచూసి, చేయకపోయేసరికి మూతి ముడుచుకుని కూర్చుంది. కొత్త ప్రకాశం జిల్లా పటం పేపర్లో వస్తే చూశాను. చీరాల లేదు, కందుకూరు లేదు, అన్నిటికన్నా ఘోరం, ఉలవపాడు లేదు. ఉలవపాడంటే మామిడి. ఆ మండలం నెల్లూరు జిల్లాలో కలిసిందంటే మా జిల్లా మామిడి పరువు ఒక్క గీతతో పక్కింటికి కాపురానికి పోయినట్టే. మిగిలిన కాస్త పరువును మోయడానికి పడమటి ప్రకాశంలో ఉన్నవి రెండే. ఒకటి గిద్దలూరు వైపు కొండ వారన ఉన్న కాసిని తోటలు, రెండోది మార్కాపురం బజారులో రత్నమ్మత్త ముక్కు.

ముక్కు కథ చెప్పే ముందు నా బతుకుదెరువేమిటో చెప్పాలి. నేను వాసనలు కలిపి అమ్ముకునేవాణ్ణి. మా భాషలో దీన్ని ఫ్లేవర్ బ్లెండింగ్ అంటారు. హైదరాబాదులో ఒక కంపెనీలో ఆ పని నేర్చుకుని, సొంతూరికి వచ్చి, ఒకప్పుడు పలకలు కోసిన పాత రేకుల షెడ్డు ఒకటి బాడుగకు తీసుకున్నాను. ఐస్‌ఫ్రూట్లు చేసేవాళ్లు, సోడా కొట్టేవాళ్లు, చప్పరించే బిళ్లలు పోసేవాళ్లు నా ఖాతాదారులు. ఎండాకాలంలో త్రిపురాంతకం నుంచి పామూరు దాకా ఏ పిల్లవాడి నాలుక పసుప్పచ్చగా మారినా అందులో నా హస్తం ఉన్నట్టే. నా షెడ్డు పక్కగా పోయే గేదెలు కూడా ఒక్క క్షణం ఆగి, ఇది తోటా, దుకాణమా అని అనుమానపడి ముందుకు పోతాయి.

మామిడి వాసనంటే ఒక్క వాసన కాదు, పెళ్లికి తరలివచ్చిన బంధుబలగం. అందులో వందల రకాల పదార్థాలుంటాయి. ముందుగా గుమ్మం దగ్గర గొంతు వినిపించేవాళ్లు టెర్పీన్లు. చెట్టు సొనలో, పచ్చికాయలో గుప్పుమనేది వీళ్లే. వీళ్లలో ఆసిమీన్ అనేది పచ్చిమామిడి ముక్క కోసినప్పటి వాసన. కారీన్ అనేది కాస్త మొరటుది. కొత్తగా రంగు వేసిన తలుపు దగ్గర, పెట్రోలు బంకు దగ్గర నిలబడినట్టుంటుంది. రెండో వరస ఎస్టర్లు. అత్తరు పూసుకొచ్చిన పెళ్లికొడుకు స్నేహితుల్లాంటివాళ్లు, తీపి పండు వాసనంతా వీళ్లదే. మూడో వరస లాక్టోన్లు. ముందుకు రాకుండా వంటశాలలో కూర్చునే పెద్ద ముత్తైదువలు. కొబ్బరి, మీగడ, కమ్మదనం వాళ్ల చేతిలో ఉంటాయి. బంగినపల్లి అయినా, చిన్నరసం అయినా, తోతాపురి అయినా పిలుపులు ఇంచుమించు వీళ్లకే. ఎవరు ఎందరు వచ్చారు, ఎవరు పెత్తనం చేస్తున్నారు, అక్కడే రకానికీ రకానికీ తేడా. ఒక కాయలో ఆసిమీన్ రాజ్యం చేస్తే ఇంకో కాయలో కారీన్ రాజ్యం చేస్తుంది.

ఈ మూడు వరసలను విడదీసి చెప్పడానికి మాకు గాజు సీసాలు, చుక్కలు కొలిచే గొట్టాలు, ఏళ్ల తరబడి చదువు కావాలి. రత్నమ్మత్తకు మాత్రం పీట ఒక్కటి చాలు.

ఆమె నాకు వరసకు అత్త కాదు. మార్కాపురంలో ఆమె ఎవరికీ వరసకు ఏమీ కాదు, అందరికీ అత్తే. మూడు తరాల పండ్ల దుకాణం వాళ్లది. భర్త పోయిన దగ్గర్నుంచి గుమ్మం పక్కన పీట మీద ఆమే. తోటల నుంచి సరుకు వస్తే మొదటి గంప ఆమె ముందుకు రావాలి. ఆమె గంప అడుగుకు చేయి పోనిచ్చి ఒక కాయ తీసి, ముచ్చిక దగ్గర ముక్కు ఆనించి, కళ్లు మూసుకునేది. అప్పుడు దుకాణంలో ఈగ కూడా రెక్కలు ముడుచుకునేది. తరవాత ఒకటే మాట. “దింపు” అంటే సరుకు దిగుతుంది. “తిప్పు” అంటే బండి తిరుగుతుంది. దాని మీద అప్పీలు లేదు. ఎదురుగా బస్సు దిగిన మనిషి సంచిలో ఏ కాయ ఉందో, అది ఏ ఊరి తోటదో, ఆ తోట కాపలావాడు ఏ బీడీ కాలుస్తాడో కూడా ఆమె చెప్పేస్తుందని ప్రతీతి. బీడీ సంగతి నేను కలిపాను. మిగతావి ఊరు చెప్పేవే.

అట్లాంటి మనిషి ఒక మధ్యాహ్నం, రేకులు ఎండకు పెటపెటలాడుతుంటే, కొంగు నెత్తిన వేసుకుని నా షెడ్డులోకి వచ్చింది.

“అల్లుడూ, ఉండావా?”

“రాండత్తా, కూర్చోండి. ఇంత ఎండలో ఏందిట్ల?”

“ఒక బుడ్డి కావాల. నీ దగ్గర ఉండేదాంట్లో అన్నిటికన్నా ఘాటుది. గుర్రం వాసన జూస్తే మోకాళ్ల మీద పడాల.”

“గుర్రం ఎక్కడుందత్తా?”

“నీకెందుకయ్యా? ఇయ్యమంటే ఇయ్యి.”

నాకు చిలిపితనం ఎక్కువ. అప్పుడే కడిగిన సీసాలో బోరు నీళ్లు మిగిలి ఉంటే, మూత తీసి ఆమె చేతిలో పెట్టాను. “ఇదేం వాసనో చెప్పండత్తా, మీకు ఊరికే ఇస్తా” అన్నాను. సీసా విసిరి నా నెత్తిన కొడుతుందనుకున్నాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండె నిండా పీల్చింది.

“చిన్నరసం” అంది. “కృష్ణ అవతలిది. చెట్టుకు తూర్పు కొమ్మ.”

“అత్తా, అవి బోరు నీళ్లు.”

ఆమె కళ్లు తెరవలేదు.  సీసా నా చేతికే తిరిగిచ్చి, “తలుపెయ్యి” అంది.

తలుపు వేశాను. అప్పుడు చెప్పింది. కిందటేడు జ్వరం వచ్చింది. అందరికీ వచ్చిన జ్వరమే. జ్వరం పోయింది, పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది.

“ముక్కుండాది, వాసన లేదు. బావి ఉండాది, నీళ్లు లేనట్ల. పోయినేడు ఊరంతా మూసిందే గాబట్టి దుకాణం సరిగా తెరిసింది లేదు, ఎవురికీ తెలీలే. ఈ ఏడు కాయ దిగుతాంది. రంగు జూస్తాండా, ముచ్చిక కాడ భుజం నిండిందా జూస్తాండా, వేలితో ఒత్తి జూస్తాండా. ఆనక కండ్లు మూసుకుని చెన్నకేశవస్వామిని తల్సుకుంటాండా. జనం నేను వాసన జూస్తాండాననుకుంటాండారు.”

“శేషుకు తెలుసా?” అన్నాను. శేషు ఆమె కొడుకు. దుకాణంలో కొనుగోలు, అమ్మకం అతనే చూస్తాడు.

“తెలిస్తే ఇంకేముంది! పొట్లాలు దించుతాడు.”

ఆ పొట్లాల గొడవ నాకు తెలుసు. కాయల మధ్య పెడితే తొందరగా పసుపు తిరిగేలా చేసే పొట్లాలు బజారులో దొరుకుతున్నాయి. శేషు రెండేళ్ల నుంచి అవి పెడదామంటున్నాడు. నిషేధించిన కార్బైడు కాదమ్మా, ప్రభుత్వం ఒప్పుకున్నవే అంటాడు. “ఎవురు ఒప్పుకుంటే ఏంది, కాయ ఒప్పుకోవాల గదా” అంటుంది ఆమె. నా వృత్తి తరఫున చెప్పాలంటే ఇద్దరి మాటలోనూ నిజముంది. పొట్లం తప్పు కాదు, తొందర తప్పు. ముదరని కాయ కోసి రంగు తెప్పిస్తే పైన పసుపు వస్తుంది గానీ, ఎస్టర్లు, లాక్టోన్లు సరిగా పుట్టవు. పెళ్లిపందిరి వేసి బంధువులను పిలవడం మరిచిపోయినట్టుంటుంది. ఆమె మాత్రం గడ్డిలో మాగేసిన కాయ తప్ప దుకాణంలోకి రానిచ్చేది కాదు. ఆ పంతంలో ఒకరోజు పదిమంది ముందు మాట అనేసింది. “నా ముక్కు పనిజేసినన్నాళ్లు గడ్డే. నా ముక్కు పోయిన్నాడు నీ ఇష్టం వచ్చినట్ల జేసుకో, నేను పీట దిగి ఇంట్లో కూసుంటా.”

ఇప్పుడు ముక్కు పోయింది. మాట నిలబడింది. పీట ఊగుతోంది.

“ఒంగోలు డాక్టరు ఏమన్నాడత్తా?”

“నాలుగు వాసనలు పొద్దునా సాయంత్రం పీల్చమన్నాడు. గులాబి, నిమ్మ, లవంగం, జామాయిలు. జామాయిలు నాకెందుకయ్యా, నేనేమన్నా కాగితాల మిల్లు పెడతాండానా? ఆ నాలుగూ వాసన జూసి ఏ కాయ మాగిందో ఎట్ల జెప్పేది?”

డాక్టరు చెప్పింది సరైన పద్ధతే. దాన్ని స్మెల్ ట్రెయినింగ్ అంటారు. పడుకున్న వాసన నరాలను రోజూ పేరు పెట్టి పిలిచి నిద్ర లేపడం. నేను డాక్టరును కాను. ఒకరి ముక్కులో వేలు పెట్టే అర్హత నాకు లేదు. అందుకే ఆ నాలుగూ మానొద్దని చెప్పి, వాటితో పాటు ఇంకో నాలుగు ఇస్తానన్నాను. మామిడిలో ఉండేవే, బాగా పల్చన చేసి, చిన్న బుడ్లలో దూది పెట్టి ఇచ్చాను. ఆసిమీన్, కారీన్, ఎస్టర్లలో ఇథైల్ బ్యూటిరేట్, లాక్టోన్లలో డెకాలాక్టోన్.

“ఏం పేర్లయ్యా ఇయ్యి, రష్యా వాళ్ల మాదిరి!” అని ఆమె అక్కడికక్కడే బారసాల చేసింది. ఆసిమీన్ ‘ఆశమ్మ’ అయింది. బ్యూటిరేట్ ‘బూట్ల రెడ్డి’ అయ్యాడు. లాక్టోన్ ‘లచ్చక్క’. కారీన్ ఎట్లా ఉంటుందని అడిగితే పెట్రోలు బంకు మాదిరి అన్నాను. “అట్లయితే కారు మామ” అంది.

వాసన చూడటమంటే ఊరికే పీల్చడం కాదు, ఆ వాసనను తలుచుకుంటూ పీల్చాలని చెప్పాను. ఆమె తలుచుకోవడం కూడా చేయలేదు, ఏకంగా మాట్లాడటం మొదలుపెట్టింది. “ఆశమ్మా, ఏందమ్మా అలిగినావా? రా తల్లీ. మీ వదిన ఎదురుజూస్తాంది” అని బుడ్డిని బుజ్జగించేది. మోకాళ్ల నొప్పులకు మందని ఇంట్లో చెప్పింది. మోకాళ్ల నొప్పికి ముక్కుతో మందేందని కోడలు అడిగితే, “వాసన పైనుంచి దిగతాది, మోకాళ్ల కాడికి పోయేసరికి పనిజేస్తాది” అందట. ఇంత గొప్ప వైద్య సిద్ధాంతం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రోజులు గడిచాయి. ఒక పొద్దున రుసరుసలాడుతూ వచ్చింది.

“నీ బుడ్లు పాడుగాను! కాఫీ తాగబోతే లారీ టైరు కాలిన వాసన. తాలింపు వేస్తే టైరు. సాంబ్రాణి పొగ వేస్తే టైరు. దేవుడి గూట్లో కూడా లారీ ఆఫీసు పెట్టినట్లుండాది!”

నేను ఎగిరి గంతేశాను. నా గంతుకు రేకులు అదిరాయి. ఆమె నన్ను చెప్పుతో కొట్టడానికి వంగింది. పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాను. దీన్ని పారోస్మియా అంటారు. లైన్‌మన్ తెగిన తీగలు మళ్లీ కలిపేటప్పుడు మన ఇంట్లో స్విచ్చి వేస్తే పక్కింట్లో ఫ్యాను తిరిగినట్టు. తప్పు వాసన వచ్చినా సరే, వచ్చింది గదా. తీగలు కలుస్తున్నాయన్న మాట. ఆ తరవాత టైరు మెల్లగా తగ్గింది. బుడ్లు అటూ ఇటూ మార్చి ఇస్తుంటే ఒక్క కారు మామ దగ్గర మాత్రం ఆమె ముక్కుపుటాలు కదిలేవి. “కిరసనాయిలు మాదిరి” అనేది. కానీ ఒక్కోసారి నీళ్ల బుడ్డి ఇచ్చినా అదే మాట అనేది. మామ నిజంగా గుమ్మం దాకా వచ్చాడా, లేక వచ్చినట్టు అత్తకు కల వస్తోందా, నేను తేల్చుకోలేకపోయాను.

తేల్చే రోజు దుకాణంలోనే వచ్చింది.

కాయ జోరు మీదున్న రోజులవి. గిద్దలూరు అవతల కొండ వారన తోట ఉన్న నాగిరెడ్డి, తోటలోనే గడ్డిలో మాగేసిన బంగినపల్లి కాయ ట్రాలీ ఆటోకు ఎత్తి తెచ్చాడు. కూతురి పెళ్లిలో విస్తరికొక పండు వేయాలని దర్శి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను పండ్లు కొనే నెపంతో అక్కడే నిలబడ్డాను. దుకాణమంతా మాగిన వాసన ఎంత చిక్కగా ఉందంటే, చేత్తో తీసి ముద్ద చేసుకోవచ్చు.

మొదటి గంప రత్నమ్మత్త ముందుకు వచ్చింది. అడుగు నుంచి ఒక కాయ తీసింది. నిమ్మపండు రంగు, నున్నటి చర్మం, బంగినపల్లికి పెళ్లిచూపుల ఫొటోలాంటి కాయ. ముచ్చిక దగ్గర ముక్కు పెట్టింది. ఆగింది. మళ్లీ పెట్టింది.

“తిప్పు.”

నాగిరెడ్డి తలపాగా జారింది. “ఏందమ్మా, తిప్పేదేంది? మా నాయన కాలం నుంచి మీ దుకాణానికే తోల్తాండాం. ఒక్కనాడు తిప్పినావా?”

“కిరసనాయిలు కొడ్తాంది.”

ఎవరో కిసుక్కుమన్నారు. “ఆటో డీజిలేమోలే అత్తా” అన్నారు ఇంకెవరో. శేషు కాయ తీసుకుని వాసన చూశాడు. “అమ్మా, తేనె మాదిరుండాదే” అన్నాడు మెల్లగా. దర్శి పెద్దమనిషి చూశాడు. “బ్రహ్మాండంగా ఉంది గదమ్మా! నీ ముక్కు మీద నమ్మకంతోనే నేను ఇంత దూరం వస్తి” అన్నాడు. కాయ చేతులు మారుతూ, వాదనలు వినిపించుకుంటూ, నా దాకా వచ్చింది. చూశాను. బంగినపల్లి. నిక్షేపంలాంటి బంగినపల్లి. టైరు వాసన గుర్తొచ్చింది, నీళ్ల బుడ్డి గుర్తొచ్చింది. నేను నోరు విప్పలేదు గానీ నా మొహం అన్నీ చెప్పేసినట్టుంది. అత్త నా వైపు చూసి చూపు తిప్పుకుంది.

శేషు తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “అమ్మా, వడగాలి ఎక్కువుండాది. ఈ నాలుగు దినాలు ఇంటికాడ ఉండరాదా?”

ఆ మాట మెత్తగానే ఉంది. కానీ పీట మీది నుంచి లేవమనే మాటే గదా. అందరూ నేల చూస్తున్నారు.

“కోయ్” అంది రత్నమ్మత్త.

“ఏందమ్మా?”

“కోయ్‌రా. కాయను. నా ముక్కును కాదు.”

శేషు కత్తి తెచ్చి చెంప కోశాడు.

ఆ తరవాత జరిగింది చెబితే నేను పెంచి చెబుతున్నానంటారు. పెంచే చెబుతున్నాను, కానీ కొంచెమే. కోసిన చోటి నుంచి లేచిన వాసనకు దర్శి పెద్దమనిషి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. దుకాణం తలుపులన్నిటికీ ఎవరో అప్పుడే రంగు వేసి పోయినట్టుంది. పక్క దుకాణంలో బీడీ ముట్టించబోయినాయన అగ్గిపుల్ల ఆర్పేశాడు. నాగిరెడ్డి ముక్క కొరికాడు, మొహం నిమ్మకాయ పిండినట్టు చేశాడు, వెంటనే నెత్తి కొట్టుకున్నాడు.

“అయ్యో, నా మొగం మండ! ఇది మా గట్టు మీది కిరసనాయిలు కాయ గదా!”

మా వైపు ఒక అలవాటుంది. అంటు కట్టిన చెట్టుకు రకం పేరు ఉంటుంది. పిక్క పడి మొలిచిన చెట్టుకు వాసనే పేరు. జీలకర్ర వాసన వస్తే జీలకర్ర కాయ, కొబ్బరి వాసన వస్తే కొబ్బరి కాయ. పిల్లలకు పెట్టే పేర్లలో ఆశలుంటాయి గానీ ఈ చెట్ల పేర్లలో మొహమాటం కూడా ఉండదు. నాగిరెడ్డి తండ్రి ఎప్పుడో బంగినపల్లి పండు తిని గట్టు మీద పారేసిన పిక్క చెట్టయింది. కాయకు రూపమంతా తల్లిది, బుద్ధి మాత్రం ఎక్కడిదో. మామిడి పిక్క నాటితే తల్లి గుణం రావాలని లేదు. పచ్చికాయ పచ్చడికి అమృతమట, పండితే మాత్రం కాకి కూడా ముట్టదట. ఇంటిల్లిపాదికీ ఆ చెట్టు సంగతి తెలుసు. ఈసారి కోతకు కొత్త కూలీలు వచ్చారు. చూడటానికి బంగినపల్లే గదా అని దాన్నీ కోసి అదే గడ్డిలో వేశారు.

“ఎన్ని కలిసినాయో నాకు తెల్దు తల్లీ” అన్నాడు నాగిరెడ్డి. “పైకి అన్నీ ఒకటే మాదిరుండాయి. ఎట్ల ఏరేది?”

“పెండ్లి విస్తట్లో ఇది పడితే మా వియ్యంకుడు లేచిపోతాడు” అన్నాడు దర్శి ఆయన.

రత్నమ్మత్త కొంగు నడుముకు దోపింది. “దింపు. అంతా దింపి నా ముందర పొయ్యి.”

పోశారు. ఆమె ఒక్కో కాయా తీసి ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి పక్కకు దొర్లించడం మొదలుపెట్టింది. ఆ వేగం చూడాలి! తపాలా ఆఫీసులో ముద్ర కొట్టేవాడు ఆమె దగ్గర శిష్యరికం చేయాలి. ఆగేది కాదు, ఆలోచించేది కాదు. ఉన్నట్టుండి ఒక కాయ దగ్గర ముక్కు చిట్లించి కుడి పక్కకు నెట్టేది. శేషు దాన్ని కోసేవాడు. కిరసనాయిలు. మళ్లీ ఇంకొకటి. కోసేవాడు. కిరసనాయిలు. దుకాణం ముందు జనం పెరిగారు. ప్రతి కోతకూ ‘ఓ’ అనే కేక. కొంతసేపటికి శేషు కత్తి కింద పెట్టేశాడు. ఆమె కుడి పక్కకు నెట్టిన కాయను కోయకుండానే ఖాళీ గంపలో వేయసాగాడు. ఎవరూ కోయమని అడగలేదు.

నేను ఆ పక్కనే నిలబడి నా చదువునంతా మడిచి జేబులో పెట్టుకున్నాను. నా ముక్కుకు ఏ లోపమూ లేదు, ఆ కాయను నేనూ పట్టుకుని చూశాను. అయినా నాకెందుకు తెలియలేదు?

సరుకంతా తేలాక, జనం పలచబడ్డాక, చెవిలో అడిగాను. “అత్తా, వాసన మొత్తం వచ్చేసిందా?”

“యాడొచ్చింది అల్లుడూ” అంది నీరసంగా. “ఆ మంచి కాయలన్నీ నాకు గుండ్రాళ్లే. ఏ వాసనా లేదు. తీపి రాలేదు, లచ్చక్క రాలేదు. కారు మామ ఒక్కడు పిలిచినాడు. పిలిచిన కాడల్లా చెయ్యి పెట్టినా.”

అప్పుడు నాకు వెలిగింది. మా వృత్తిలో మాస్కింగ్ అని ఒకటుంది. గట్టి వాసన పక్కన సన్న వాసన దాక్కోవడం. దుకాణం నిండా మాగిన కాయల తీపి. కోయని కాయ తొక్కలోంచి వచ్చేది కొద్దిపాటి కారీన్. మా ముక్కులు విందు భోజనం మధ్య కూర్చుని ఉన్నాయి, వాటికి మూల నుంచి వచ్చే పిలుపు వినబడలేదు. ఆమె ముక్కు నిశ్శబ్దంగా, చీకటిగా ఉన్న ఇల్లు. అందులోకి వచ్చింది ఒక్క మామే గనక అడుగుల చప్పుడు స్పష్టంగా వినబడింది. ఒక్క పదార్థాన్ని మాత్రమే పట్టుకునే యంత్రాలు పెద్ద ప్రయోగశాలల్లో ఉంటాయి. మార్కాపురం బజారులో అట్లాంటిది ఒకటి పీట మీద కూర్చుని తాంబూలం వేసుకుంటోంది!

ఇది చెబితే ఆమె పొంగిపోతుందనుకున్నాను. ఆమె శేషును కేకేసింది.

“ఒరే శేషూ, ఇట్రా. నా ముక్కు పోయింది. కిందటేడే పోయింది. ఇయ్యాల ఒక పక్క తెరుసుకుంది, అంతే. మాట మాటే. ఏం జేస్తావో జెయ్యి.”

శేషు గంపలు సర్దుతూనే, “తెలుసులేమ్మా” అన్నాడు.

“ఏం తెలుసు?”

“ఉగాదికి మీ కోడలు పప్పు మాడబెట్టింది. పిల్లోల్లంతా ముక్కు మూసుకుంటే నువ్వు రెండోసారి పెట్టించుకుని తింటివి. ఆ పొద్దే తెలుసు.”

“మరి పొట్లాలు తేలేదేందిరా?”

“తేవాలంటే ఎప్పుడో తేనా? నువ్వే జెప్తావని జూస్తాండా.” కాస్త ఆగి, “ఇంటికాడ ఉండమన్నది కూడా అందుకే. పదిమందిలో నవ్వులపాలు అయితావేమోనని” అన్నాడు.

 “మాడిన పప్పా అది! నేను కొత్త రకం అనుకుంటిని” అంది రత్నమ్మత్త. ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో ఆమె కొంగుతో కళ్లు వత్తుకుంది. ఆ పొద్దు నుంచి కొడుకు తల్లి పక్కన ఇంకో పీట వేసుకుని, ఆమె చూసిన కాయ తానూ చూసి, ఏం వచ్చిందో ఇద్దరూ చెప్పుకోవడం మొదలైంది. తీపి అతను చెప్పేవాడు, కిరసనాయిలు ఆమె చెప్పేది. ఇద్దరూ కలిపి ఒక నిండు ముక్కు.

తొలకరి పడి రసాలు ఆఖరుకు వచ్చిన రోజుల్లో ఆశమ్మ వచ్చింది. బూట్ల రెడ్డి వెనకాలే వచ్చాడు. లచ్చక్క మాత్రం పంతం పట్టి పై ఏటికి గానీ గుమ్మం తొక్కలేదు.

నా వృత్తికి ఆ వేసవి నేర్పింది ఒకటుంది. అప్పటిదాకా ఖాతాదారుడి ముందు బుడ్డి పెట్టి, “ఎట్లుంది, బాగుందా?” అని అడిగేవాణ్ణి. అట్లా అడిగితే మొహమాటానికి ఎవరైనా బాగుందనే అంటారు. ఇప్పుడు ప్రశ్న మార్చాను. “ఇందులో ఏం వాసన రావడం లేదు?” అని అడుగుతున్నాను. అట్లా అడిగిన మొదటి వారమే గిద్దలూరు ఐస్‌ఫ్రూటాయన తల గోక్కుని, “కాయ కోస్తే చేతికి అంటే సొన ఉంటాది జూడు సామీ, అది లేదు ఇందులో” అన్నాడు. నిజమే. తియ్యగా ఉండాలని నేను ఏళ్ల తరబడి టెర్పీన్లను బయట నిలబెట్టి, ఎస్టర్లకే విస్తరి వేస్తున్నాను. కిరసనాయిలు వాసన ఎక్కువైతే కాకి ముట్టదు. అసలు లేకపోతే అది మామిడి కాదు, పసుపు రంగు పంచదార. కారీన్ ఒక్క చుక్క, ఆసిమీన్ రెండు చుక్కలు లోపలికి పిలిచాను.

కొత్త సరుకు తీసుకుని ముందు రత్నమ్మత్త దగ్గరికే పోయాను. మూత తీసి ఇచ్చాను. చూసింది. మూత తనే పెట్టి, మళ్లీ తీసి, ఇంకోసారి చూసింది.

“ఇప్పుడు మామిడి మాట్లాడతాంది అల్లుడూ.”

నా ఛాతీ షెడ్డంత వెడల్పయింది. “అయితే ఒక బుడ్డి దుకాణంలో పెట్టుకోండత్తా” అన్నాను.

“పెళ్లికూతురు పీటల మీద కూసోనుంటే పక్కన ఆమె ఫొటో పెడతారా?” అంది. “దీన్ని తీస్కోని బజారు దాటిపో. కాయలు సిగ్గుపడతాండాయి.”